కనుమ మీద మబ్బు ఎత్తు తెలియకుండా విమానాన్ని పంపవద్దు: బహిరంగ లేఖ

ఒడిశా ప్రభుత్వ వాణిజ్య, రవాణా శాఖలోని విమానయాన విభాగానికి. కోరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి జిల్లాల కలెక్టర్లకు. ఈ కొండల మీదుగా చిన్న విమానాలు, హెలికాప్టర్లు నడిపే సంస్థలకు,

నమస్కారం.

ముసురు పట్టే రోజులు రాకముందే ఈ లేఖ మీ చేతికి అందాలని రాస్తున్నాం. 2022 చివర్లో కోరాపుట్ జిల్లా జయపురం నుంచి తొమ్మిది సీట్ల సింగిల్ ఇంజిన్ విమానాలు తిరగడం మొదలైంది. 2024లో మల్కన్‌గిరి ఎయిర్‌స్ట్రిప్ ప్రారంభమైంది. ఘాట్ రోడ్డు మీద సగం రోజు పట్టే ప్రయాణం గంటలోపు ముగుస్తుందంటే ఇక్కడి రోగులకూ విద్యార్థులకూ అది ఎంత మేలో మాకు తెలుసు. ఈ సర్వీసులు ఆగాలని మేం కోరడం లేదు, నిలబడాలనే కోరుతున్నాం. అందుకే ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాం. కంటిచూపు మీద, అంటే విజువల్ ఫ్లైట్ రూల్స్ కింద నడిచే విమానానికి రన్‌వే దగ్గరి వాతావరణం చూసి అనుమతి ఇస్తే సరిపోదు. దారిలో అన్నిటికంటే ఎత్తైన చోట, కనుమ మీద, నేలకూ మబ్బుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో తెలియాలి. అది తెలియని రోజు విమానం లేవకూడదు.

తెలుగులో ఎందుకు రాస్తున్నామంటే, ఈ విమానాలు ఎక్కేవాళ్లలోనూ గ్రౌండ్ స్టాఫ్‌లోనూ హెలిపాడ్ దగ్గర కాపలా ఉండేవాళ్లలోనూ మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు కూడా అర్థం కావాలి.

ముందు ఒక లెక్క చూడండి. జయపురం రన్‌వే సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. కోరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్లు. ఆ పక్కనే ఉన్న దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. గాలి ఉష్ణోగ్రతకూ, తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రతకూ, అంటే డ్యూ పాయింట్‌కూ ఉన్న తేడాను 125తో గుణిస్తే మబ్బు అడుగు నేలకు ఎన్ని మీటర్ల పైన ఉంటుందో దాదాపుగా తెలుస్తుంది. జయపురంలో ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, డ్యూ పాయింట్ 24 అనుకోండి. శ్రావణ మాసంలో ఇది మామూలు రోజే. తేడా 3, మబ్బు అడుగు 375 మీటర్లు. రన్‌వే మీద నిలబడి చూసేవాడికి మబ్బు పైన బాగానే ఉన్నట్టు ఉంటుంది. దూరంగా చెట్లూ సెల్ టవర్లూ కనిపిస్తుంటాయి, వాన కూడా ఉండదు. కానీ సముద్రమట్టం నుంచి లెక్కేస్తే ఆ మబ్బు అడుగు 975 మీటర్ల దగ్గర ఉంది. కోరాపుట్ చేరేసరికి నేలకూ మబ్బుకూ మధ్య మిగిలేది 100 మీటర్లు. దేవమాలి పై భాగం 700 మీటర్ల మేర మబ్బులో మునిగిపోయి ఉంటుంది.

ఇప్పుడు నిబంధనలు తీయండి. పట్టణాలు లేని చోట కూడా నేలకు 150 మీటర్ల కంటే దిగువన ఎగరకూడదు. నియంత్రణ లేని గగనతలంలో నేలకు 300 మీటర్ల లోపు ఎగిరేటప్పుడు మబ్బు తగలకుండా, నేల కనిపిస్తూ, ఎదురుచూపు, అంటే ముందుకు కనిపించే దూరం, 5 కిలోమీటర్లు ఉంటే చాలు. ఈ రెండో నిబంధన ప్రకారం జయపురంలో లేవడం తప్పు కాదు. పది నిమిషాలు తిరగకముందే, కోరాపుట్ మీద, మొదటి నిబంధన పాటించడానికి చోటే ఉండదు. పైలట్ అక్కడ కిందికి దిగాలి, లేదా మబ్బులోకి పోవాలి, లేదా వెనక్కి తిరగాలి. చట్టప్రకారం సరిగ్గా మొదలైన ప్రయాణమే అక్కడికి తీసుకెళుతుంది. అందుకే కనీస నిబంధన చాలదని మేం అంటున్నాం.

పైగా ఆ లెక్క చదును నేలకు వర్తించేది. బంగాళాఖాతం మీద నుంచి వచ్చే తడిగాలి సాలూరు దాటాక కొండవాలు ఎక్కుతూ చల్లబడుతుంది. ఆ వాలు మీదే కొత్త మబ్బు పుడుతుంది, లెక్కలో వచ్చినదానికంటే దిగువన. విశాఖలో ఎండ కాస్తుండగా సుంకి, పొట్టంగి దగ్గర లారీలు పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకుని నడుస్తుండడం ఇందుకే. అటు పర్లాకిమిడి వైపు 1,501 మీటర్ల మహేంద్రగిరి సముద్రానికి ఇంకా దగ్గర. కింద మైదానంలో ఎండ ఉన్నా శిఖరం కనిపించని రోజులు అక్కడివాళ్లకు కొత్త కాదు.

వాతావరణ నివేదిక చదివేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు చెప్పాలి. మెటార్‌లో, అంటే విమానాశ్రయం ఇచ్చే వాతావరణ నివేదికలో, మబ్బు ఎత్తు ఆ విమానాశ్రయం నేల నుంచి ఉంటుంది. మ్యాప్‌లో కొండ ఎత్తు సముద్రమట్టం నుంచి ఉంటుంది. విశాఖ మెటార్‌లో మబ్బు 2,500 అడుగులని ఉంటే, అది దాదాపు సముద్రమట్టం నుంచి అన్నట్టే. కోరాపుట్ నేలే 2,850 అడుగుల దగ్గర ఉంది. అంటే విశాఖ మీద చక్కగా పైన తేలుతున్న మబ్బు, అదే ఎత్తులో లోపలికి వస్తే కోరాపుట్‌లో వీధుల్లోకి దిగినట్టే. రెండోది, ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసి మూడు నాలుగు భాగాలు మబ్బుంటే స్కాటర్డ్ అంటారు. అయిదు భాగాలు, లేదా అంతకు మించి ఉంటేనే సీలింగ్, అంటే మబ్బు కప్పుగా లెక్కలోకి వస్తుంది. మైదానం మీద స్కాటర్డ్ అన్న మబ్బు కొండవాలును ఆనుకున్నప్పుడు ఖాళీల్లేని గోడగా మారుతుంది. కాగితం మీద సీలింగ్ లేదు కాబట్టి వెళ్లొచ్చు అనడం ఈ జిల్లాల్లో ప్రమాదకరమైన మాట.

శాటిలైట్ ఫోటో ఉందిగా, రాడార్ ఉందిగా అని అధికారులు అడుగుతుంటారు. శాటిలైట్ చూసేది మబ్బు పైభాగాన్ని, మనకు కావలసింది అడుగు. విశాఖ డాప్లర్ రాడార్ కిరణం అర డిగ్రీ ఎత్తులో బయలుదేరి, భూమి వంపు వల్ల జయపురం దగ్గరికి వచ్చేసరికి అక్కడి నేలకు 2 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు చేరుతుంది. మధ్యలో కొండలు కొంత అడ్డం. అది పెద్ద వాన చినుకులను పట్టుకుంటుంది. చిరుజల్లు కురిపిస్తూ కొండను అంటిపెట్టుకున్న పల్చటి మబ్బు దానికి ఆనదు. ప్రమాదం తెచ్చేది ఎక్కువగా ఆ మబ్బే.

అసలు మబ్బులోకి వెళితే ఏమవుతుందన్నది కలెక్టర్లకూ ప్రయాణికులకూ వివరంగా తెలియాలి. చాలామంది అనుకునేది, పైలట్‌కు దారి కనిపించదు, కొండను గుద్దుకుంటాడు అని. అది సగమే. రెండో సగం చెవిలో జరుగుతుంది. లోపలి చెవిలో అర్ధచంద్రాకారపు నాళాలు మూడున్నాయి. వాటిలోని ద్రవం కదలికే మనం తిరుగుతున్నామన్న సంగతి మెదడుకు చెబుతుంది. విమానం నెమ్మదిగా ఒక పక్కకు ఒరిగితే ఆ ద్రవం గమనించదు. ఒకే తీరులో తిరుగుతూ పది ఇరవై సెకన్లు గడిస్తే ద్రవం కూడా నాళంతో సమంగా తిరిగి, ‘నిటారుగా ఉన్నాం’ అన్న కబురు పంపుతుంది. బయట నేల కనిపిస్తే కన్ను ఆ తప్పును సరిదిద్దుతుంది. మబ్బులో సరిదిద్దేవాడు లేడు. ఒరిగిన విమానం ముక్కు దించుతుంది, వేగం పెరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గుతోందని పైలట్ కంట్రోల్‌ను వెనక్కి లాగుతాడు. రెక్కలు ఒరిగే ఉన్నాయి కాబట్టి ఆ లాగుడు విమానాన్ని పైకి తీసుకెళ్లదు, సుడిని ఇంకా బిగిస్తుంది. 60 డిగ్రీలు ఒరిగి ఎత్తు నిలబెట్టాలంటే రెక్కల మీద రెట్టింపు బరువు పడుతుంది. ఒకవేళ ధైర్యం చేసి రెక్కలు సమం చేస్తే, ఇప్పుడు రెండో పక్కకు పడిపోతున్నట్టు చెవి చెబుతుంది. అతను మళ్లీ పాత ఒరుగుడులోకే వెళతాడు.

1954లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని ఈ స్థితిలో పెట్టి చూశారు. 20 మందీ అదుపు కోల్పోయారు. 19 మంది సుడిలో దిగారు, ఒకరు విమానాన్ని స్టాల్ చేశారు, అంటే రెక్కలు మోయలేని స్థితికి తెచ్చారు. సగటున పట్టిన కాలం 178 సెకన్లు, మూడు నిమిషాలు కూడా లేదు. అదే ప్రయోగంలో మన అవసరానికి పనికొచ్చే రెండో సంగతి, పరికరాలు చూస్తూ నెమ్మదిగా వెనక్కి తిరిగే పద్ధతి నేర్పించాక వాళ్లలో దాదాపు అందరూ అది చేయగలిగారు.

అనుభవజ్ఞులకు ఇలా జరగదనే భ్రమ వద్దు. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర పడిపోయింది వైమానిక దళపు ఎంఐ-17 వి5. లోయలో వాతావరణం ఒక్కసారిగా మారి హెలికాప్టర్ మబ్బుల్లోకి వెళ్లిందనీ, పైలట్ దిక్కు తెలియని స్థితిలో పడ్డాడనీ, అదుపులో ఉన్న హెలికాప్టరే కొండను ఢీకొందనీ విచారణ తేల్చింది. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 కూలిన సంగతి తెలుగువాళ్లెవరూ మరిచిపోరు. అక్కడ వాతావరణం విషమిస్తున్న సమయంలోనే పైలట్ల దృష్టి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ సమస్య మీదికి మళ్లింది. చివరకు ఉరుముల మబ్బు కింద బలమైన దిగుగాలిలో చిక్కుకున్నారు. మబ్బు చుట్టూ ఎగురుతున్నప్పుడు కాక్‌పిట్‌లో చిన్న సమస్య కూడా పెద్దదవుతుంది. చూపు లోపలికి పోగానే బయట కాపలా ఉండదు.

వెనక్కి తిరగడం గురించి సంస్థల శిక్షణ విభాగాలకు ప్రత్యేకంగా రాస్తున్నాం. 160 నాట్ల వేగంతో పోయే సెస్నా కారవాన్ తరహా చిన్న విమానం సెకనుకు 82 మీటర్లు దాటుతుంది. ఎదురుచూపు 5 కిలోమీటర్లుంటే కొండ కనబడిన క్షణం నుంచి మిగిలేది ఒక నిమిషం. చూపు 1,500 మీటర్లకు పడిపోతే 18 సెకన్లు. ఆ వేగంలో 30 డిగ్రీలు ఒరిగి వెనక్కి తిరగాలంటే లోయ వెడల్పు కనీసం 2.4 కిలోమీటర్లు కావాలి. వేగాన్ని 100 నాట్లకు తగ్గించి, రెక్కల వెనుక అంచున ఉండే ఫ్లాప్స్ కొద్దిగా దించి తిరిగితే 930 మీటర్లు చాలు, అరనిమిషంలో పని అయిపోతుంది. అదే 100 నాట్ల దగ్గర, మబ్బులోకి వెళ్లిపోయాక, పరికరాల మీద సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరగాలంటే ఒక నిమిషం, దాదాపు 2 కిలోమీటర్ల వెడల్పు. మబ్బు అంచుకు ఇవతల తిరిగినవాడికి సరిపోయే లోయ, అంచు దాటినవాడికి సరిపోదు. కాబట్టి అనుమానం వచ్చిన వెంటనే మొదటి పని వేగం తగ్గించడం. రెండోది లోయకు ఒక పక్కన, కుడివైపు వాలుకు దగ్గరగా ఎగరడం, తిరగడానికి మొత్తం వెడల్పు దొరికేలా. లోయ నడిమధ్య ఎగిరితే సగమే మిగులుతుంది.

కనుమను ఎదురుగా పట్టుకోవద్దు. 45 డిగ్రీల వాలుగా సమీపిస్తే, అవతలి నేల కనిపించనప్పుడు కొద్ది తిరుగుడుతోనే బయటపడవచ్చు. అవతలి పీఠభూమి నేల స్పష్టంగా, ఎక్కువెక్కువగా కనిపిస్తూ ఉంటేనే దాటాలి. కనిపించే నేల తగ్గిపోతూ ఉంటే మబ్బు కొండకు దిగుతున్నట్టు. అద్దం మీద వాననీరు పారుతున్నప్పుడు ఎదుటి కొండ ఉన్నదానికంటే కిందగా కనిపిస్తుందని కూడా మరవద్దు.

రోడ్డు పట్టుకుని పోతే చాలు, రైలు పట్టాలు పట్టుకుని పోతే చాలు అనే అలవాటు మైదానంలో బతికిస్తుంది. కొత్తవలస–కిరండూల్ లైను పట్టాలు బొర్రా ప్రాంతంలో వరసగా సొరంగాల్లోకి దూరుతాయి. పట్టాలు లోపలికి పోయిన చోట విమానం ముందు కొండ ఉంటుంది. ఘాట్ రోడ్డు హెయిర్‌పిన్ మలుపులు ఏ విమానం తిరగలేనంత ఇరుకు. మాచ్‌ఖండ్, బలిమెల, అప్పర్ కొలాబ్ జలవిద్యుత్ కేంద్రాల నుంచి హైటెన్షన్ తీగలు ఈ కొండల మీదుగానే పోతాయి. మబ్బు కింద నక్కి ఎగిరేవాడు ఆ తీగల ఎత్తులోకే దిగుతాడు. స్తంభాలు కనిపిస్తాయి గానీ తీగ కనిపించదు. హెలికాప్టర్ దారుల్లో లోయ దాటే ప్రతి తీగకూ రంగు బంతులు కట్టించడం విద్యుత్ శాఖతో కలెక్టర్ కార్యాలయం వెంటనే చేయించగల పని.

మబ్బుల పైనుంచి పోతే సరి అనేవాళ్లకు ఒక్క మాట. వానాకాలంలో పెరిగే మబ్బు నిమిషానికి వెయ్యి అడుగులకు మించి లేస్తుంది, చిన్న విమానం అంత వేగంగా ఎక్కలేదు. పైకి వచ్చిన కంత మూసుకుపోతే దిగడానికి దారి ఉండదు. చైత్ర వైశాఖాల్లో కాలబైశాఖి, అంటే వేసవి ఉరుముల గాలివాన మబ్బుల నుంచి కనీసం 37 కిలోమీటర్లు దూరం ఉండాలి, ఎందుకంటే గాలిదెబ్బ మబ్బుకంటే ముందే వస్తుంది. అదే నెలల్లో పోడు పొగ, దుమ్ము కలిసి మబ్బే లేని ఆకాశంలో కూడా కొండ అంచును చెరిపేస్తాయి.

నియంత్రిత గగనతలంలో మబ్బుకు అడ్డంగా 1,500 మీటర్లు, నిలువుగా 300 మీటర్లు ఎడం ఉండాలన్న నిబంధన విశాఖ వైపు దిగేటప్పుడు చాలా ముఖ్యం. అక్కడ నావికాదళ విమానాలూ పెద్ద ప్యాసింజర్ విమానాలూ మబ్బుల్లోంచి బయటికి వస్తుంటాయి. 90 నాట్లవాడు, 250 నాట్లవాడు ఎదురెదురైతే 1,500 మీటర్లు తొమ్మిది సెకన్లలోపే అయిపోతాయి. ఎదుటి విమానాన్ని చూసి, గుర్తుపట్టి, తప్పించుకోవడానికి సుమారు 12.5 సెకన్లు కావాలని అమెరికా విమానయాన సంస్థ లెక్క. అంటే ఆ ఎడం కూడా బొటాబొటీ కాదు, తక్కువే. మబ్బు పక్కనే రాసుకుంటూ పోవడానికి ఏ సాకూ లేదు.

తుపాను రోజుల్లో ఇంకొకటి తోడవుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ గజపతి జిల్లాను ముంచెత్తినట్టు మళ్లీ జరిగితే, మీరు అందరికంటే ముందు అడిగేది హెలికాప్టరే. అల్పపీడనం దగ్గర పడేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. ఉదయం విశాఖలో ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం)లో పెట్టుకున్న క్యూఎన్‌హెచ్, అంటే గాలి పీడనపు అంకెతోనే మధ్యాహ్నం ఎగిరితే, పీడనం 10 హెక్టోపాస్కల్ తగ్గిందనుకున్నా ఆల్టిమీటర్ ఉన్నదానికంటే సుమారు 80 మీటర్లు ఎక్కువ ఎత్తు చూపుతుంది. మబ్బు కింద 100 మీటర్ల సందులో అది ప్రాణాంతకం. జిల్లా కంట్రోల్ రూమ్ ప్రతి అరగంటకూ స్థానిక పీడనాన్ని రేడియోలో చెప్పగలగాలి. నమ్మకమైన డిజిటల్ బారోమీటర్ ఉండాలి, దాని ఎత్తు సర్వే చేసి ఉండాలి.

ఇక మేం కోరేవి. సుంకి–పొట్టంగి కనుమ, దేవమాలి భుజం, అరకు వైపు దారి, రాయగడ–గుణుపురం మధ్య ఎత్తైన చోటు, ఈ నాలుగు చోట్లా సెల్ టవర్ల మీద కెమెరాలు పెట్టండి. అలాస్కాలో కనుమల దగ్గర ఇలాంటి కెమెరాలను అమెరికా ప్రభుత్వం ఏళ్ల తరబడి నడుపుతోంది. పది నిమిషాలకొక ఫోటో చాలు. దాని పక్కనే ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు తీసిన ఫోటో ఉండాలి, అందులో ఏ కొండ ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నది రాసి ఉండాలి. అది లేకపోతే తెల్లటి తెర ఎంత దూరంలో ఉందో ఎవరికీ తెలియదు. లెన్స్ మీద తేమ పట్టకుండా చిన్న హీటర్, సోలార్ ప్యానెల్, మూడు రోజులు ఎండ లేకపోయినా నిలిచే బ్యాటరీ. వీటితో పాటు కనీసం రెండు కనుమల్లోనైనా లేజర్‌తో మబ్బు ఎత్తు కొలిచే సీలోమీటర్, ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, పీడనం చెప్పే కేంద్రం కావాలి.

సంస్థలు చట్టం అడిగే కనీసం కంటే పై గీత రాసుకోవాలి. ఈ కొండల మీద ఎదురుచూపు 8 కిలోమీటర్లు, దారిలోని ఎత్తైన నేలకూ మబ్బు అడుగుకూ మధ్య 600 మీటర్లు అన్నది మా సూచన. సగం మబ్బుకు, సగం నేలకు. తిరుగు స్థలాలను ఊరి పేర్లతో రాయాలి. విశాఖ నుంచి వచ్చేవాడు సాలూరు మీదికి వచ్చేసరికి సుంకి అవతలి నేల కనిపించకపోతే అక్కడే తిరగాలి, ఇంకాస్త చూద్దాం అన్న మాట ఉండకూడదు. ప్రతి పైలట్ మూడు నెలలకొకసారి చూపుకు తెర కట్టుకుని, తోడు ఇన్‌స్ట్రక్టర్‌తో, మబ్బులో పడ్డప్పటి పద్ధతిని చేసి చూపాలి. తల అటూ ఇటూ తిప్పకుండా కృత్రిమ క్షితిజం మీద చూపు నిలపడం, ముందు రెక్కలు సమం చేయడం, తర్వాత పవర్, ఆ తర్వాతే ముక్కు ఎత్తడం. ఆటోపైలట్ ఉంటే దానికి అప్పగించడం. ఇరుకు లోయలో అయితే తిరగకుండా నేరుగా ఎక్కడం, వెనుక మైదానం ఉంటే నెమ్మదిగా వెనక్కి తిరగడం, ఏది చేయాలో లేవకముందే అనుకుని ఉండడం. ట్రాన్స్‌పాండర్‌లో ఆపద కోడ్ 7700, రేడియోలో ఆపద ఫ్రీక్వెన్సీ 121.5, ఇవి రెక్కలు సమంగా ఉన్నాక. హెలికాప్టర్ పైలట్‌కు ఉన్న పెద్ద వరం, మబ్బు దిగకముందే బడి మైదానంలోనో ఎండిన పొలంలోనో దిగిపోవడం. అలా దిగిన పైలట్‌ను సంజాయిషీ అడగబోమని సంస్థ ముందే కాగితం మీద రాసివ్వాలి.

కలెక్టర్లకు మా విన్నపం వేరు. మంత్రులు, ఉన్నతాధికారులు వచ్చే కార్యక్రమపత్రంలో రోడ్డు ప్రయాణపు వేళలు కూడా వేయించండి. కారు, ఎస్కార్ట్ సిద్ధంగా ఉంటే పైలట్ ‘వద్దు’ అనడం సులువు. వాతావరణం గురించి మీ కార్యాలయం నుంచి పైలట్‌కు ఎవరూ ఫోన్ చేయకూడదు. ‘జయపురంలో బాగానే ఉంది సార్’ అని కింద నుంచి చెప్పే మాట ఎంత మర్యాదగా ఉన్నా ఒత్తిడే. రద్దయిన విమానపు ప్రయాణికులకు అదే రోజు కారు లేదా పూర్తి డబ్బు ఇచ్చే ఏర్పాటు రవాణా శాఖ చేస్తే, కౌంటర్ దగ్గర గొడవ కూడా తగ్గుతుంది. ప్రయాణికులారా, మీరూ పైలట్‌ను ‘అవతల పెళ్లి ఉంది, కొంచెం చూడండి’ అని అడగకండి.

కెమెరా పెట్టే చోట్ల కొండల దూరాలు, ఎత్తులు కొలిచి ఫోటోల మీద గుర్తించే పని మేం ఉచితంగా చేస్తాం. ఫాల్గుణం దాటితే పొగ వల్ల నిర్మలమైన ఫోటో దొరకదు కాబట్టి, ఆ పని వచ్చే కార్తీకం నుంచి మాఘం లోపు అయిపోవాలి. ఈలోగా ఈ వానాకాలానికి కనుమ పైన ఉన్న పోలీస్ ఔట్‌పోస్టుల నుంచి రోజూ ఉదయం ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు గంటలకు రెండే ప్రశ్నలకు జవాబు తెప్పించండి: ఎదురుగా ఉన్న కొండ శిఖరం కనిపిస్తోందా, కింద లోయలోని ఊరు కనిపిస్తోందా. ఆ జవాబు జయపురం, మల్కన్‌గిరి ఎయిర్‌స్ట్రిప్‌లకూ విశాఖ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కూ చేరాలి.

ఇట్లు,
కోరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో ఉంటూ విమానాలు నడిపిన, నడపడం నేర్పిన, వాతావరణ, ఎయిర్ ట్రాఫిక్ విభాగాల్లో పనిచేసిన తెలుగువాళ్లం